60 రోమన్ కంచు నాణేలు: చిలుము నుంచి చిత్రం దాకా – ప్రాజెక్టు డైరీ

ఇంగ్లండులో ఒక పాత సేకరణను విడగొట్టి అమ్మినప్పుడు రసీదులతో సహా కొన్న 60 రోమన్ కంచు నాణేల మీద చేసిన పని ఇది. నాణేలను మెరిపించడం లక్ష్యం కాదు. ఒక్కొక్క నాణెం బొరుసు వైపు ఉన్న చిత్రాన్ని గుర్తుపట్టి, దాని ఆధారంగా కాలాన్ని, వీలైనచోట చక్రవర్తిని, టంకశాలను నిర్ణయించడమే లక్ష్యం. ఈ పనిని ఇంట్లో చేయదలచినవారికి కొలతలు, పాళ్లు, పూర్తిగా పక్కన పెట్టవలసిన పద్ధతులు నేరుగా ఉపయోగపడాలని దశల వారీగా రాశాను.

పరికరాలు

0.01 గ్రాము దాకా చూపే చిన్న డిజిటల్ త్రాసు, డిజిటల్ కాలిపర్, 10 నుంచి 20 రెట్లు పెద్దది చేసి చూపే స్టీరియో మైక్రోస్కోప్, సూదులు బిగించుకోవడానికి పిన్ వైస్, వెదురు పుల్లలు, మెత్తని టూత్ బ్రష్, డిస్టిల్డ్ వాటర్, అసిటోన్, వంచి పెట్టగలిగిన టేబుల్ ల్యాంపు. వీటిలో ఖరీదైనది మైక్రోస్కోప్ ఒక్కటే. దాని బదులు చేతి భూతద్దంతో సరిపెట్టుకోవచ్చని చాలామంది అంటారు కానీ, సూది పట్టుకున్న చేయి, భూతద్దం పట్టుకున్న చేయి రెండూ కదులుతుంటాయి కనుక ఆ సలహాను నేను సమర్థించను.

దశ 1: తూకం, వ్యాసం

నీళ్లు తగలకముందే ప్రతి నాణేనికీ ఒక సంఖ్య ఇచ్చి, దాని బరువును, వ్యాసాన్ని నోట్‌బుక్‌లో రాసుకోవాలి. మట్టితో ఉన్న బరువుకు చారిత్రక విలువ లేకపోయినా, ఏ దశలో ఎంత పదార్థం పోయిందో చెప్పగలిగేది అదే.

సేకర్తలు 4వ శతాబ్దపు కంచు నాణేలను వ్యాసాన్ని బట్టి నాలుగు తరగతులుగా చూస్తారు: 25 మి.మీ. పైబడినవి, 21–25, 17–21, 17 కంటే చిన్నవి. ఆనాటి పేర్లు, విలువలు మనకు స్పష్టంగా చేరలేదు కనుక ఏర్పడిన ఆధునిక సౌకర్యమే ఇది.

మొదటి లెక్క:
- 21–25 మి.మీ.: 3
- 17–21 మి.మీ.: 29
- 17 మి.మీ. లోపు: 28
- మొత్తం 60 నాణేలు, 138.6 గ్రాములు

దశ 2: పనికిరాని నాణేల మీద ప్రయోగాలు

రెండు వైపులా పూర్తిగా అరిగిపోయి, ఏ చిత్రమూ తేలే అవకాశం లేని 4 నాణేలను విడిగా తీసి, ప్రచారంలో ఉన్న పద్ధతులను వాటి మీదే పరీక్షించాను. ఫలితాలను ఇక్కడ కాస్త వివరంగా రాయడం అవసరం, ఎందుకంటే ఎక్కువ నాణేలు పాడయ్యేది ఈ మెట్టు దగ్గరే.

1. చింతపండు, నిమ్మరసం. మన ఇళ్లలో ఇత్తడి బిందెలు తోమే పద్ధతి ఇది, అందుకే ముందుగా చేయి దాని మీదికే పోతుంది. ఆమ్లం చిలుమును కరిగించింది. కింద ఎర్రటి, గుంటలు పడిన లోహం బయటపడింది.
2. వెనిగర్. ఫలితం అదే, పైగా మరింత వేగంగా.
3. విద్యుత్ ప్రవాహంతో పొరను ఊడదీయడం. మట్టి, చిలుము, వివరాలు అన్నీ కలిసి పొలుసుగా లేచిపోయాయి.
4. ఆలివ్ నూనెలో నానబెట్టడం. పని అతి నెమ్మదిగా సాగింది. నూనెలోని కొవ్వు ఆమ్లాలు మెల్లగా చిలుమునూ తింటాయి. సూక్ష్మ రంధ్రాల్లో చేరిన నూనె అసిటోన్‌తో కూడా పూర్తిగా పోలేదు, దాని మీద మైనం సరిగా పట్టలేదు.

ఈ నాలుగింటినీ తిరస్కరించడానికి కారణం ఒక్కటే. పదహారు వందల ఏళ్లకు పైగా మట్టిలో ఉన్న కంచులో పై భాగపు లోహం ఖనిజంగా మారిపోతుంది, చక్రవర్తి జుట్టు పాయలు, అక్షరాల అంచులు ఆ ఖనిజపు పొరలోనే నిలిచి ఉంటాయి. మట్టికి, గరుకైన ఆకుపచ్చ పొరకు కింద నున్నగా, ముదురు గోధుమ రంగులోనో నలుపులోనో కనిపించే పలుచని పొరే నాణెపు అసలు ఉపరితలం. దాన్ని తీసేస్తే అడుగున లోహం దొరుకుతుంది కానీ చిత్రం దొరకదు. కనుక ఈ ప్రాజెక్టులో శుభ్రపరచడం అంటే ఆ పొర దాకా వెళ్లి ఆగడమని నిర్ణయించుకున్నాను.

దశ 3: నీళ్లు

1. మిగిలిన నాణేలను ఒక్కొక్కటీ వేరు గాజు గిన్నెలో, సంఖ్య రాసిన చీటీతో, డిస్టిల్డ్ వాటర్‌లో ఉంచాలి. అన్నిటినీ ఒకే పాత్రలో వేస్తే ఒకదాని లవణాలు మరొకదానికి చేరతాయి.
2. వారానికి ఒకసారి నీళ్లు మార్చి, మార్చినప్పుడల్లా మెత్తని బ్రష్‌తో తేలికగా రుద్దాలి.
3. బ్రష్‌కు లొంగని మట్టిని బలంతో తీయకుండా తరువాతి దశకు వదిలేయాలి.
4. తీసిన నాణేన్ని అసిటోన్‌లో ముంచి, గాలి ఆడేచోట ఆరబెట్టాలి. నిప్పుకు దూరంగా, కిటికీ తెరిచి ఈ పని చేయాలి.

ఇంగ్లండులో కుళాయి నీళ్లు చాలాచోట్ల సున్నపు నీళ్లు, పైగా వాటిలో క్లోరిన్ కలుస్తుంది కనుక వాటిని వాడలేదు. డిస్టిల్డ్ వాటర్‌లోనూ అనవసరంగా నెలలకు నెలలు వదిలేయకూడదు. ఈ కాలపు కంచులో సీసం పాలు గణనీయంగా ఉంటుంది, శుద్ధమైన నీరు సీసాన్ని నెమ్మదిగా తినేస్తుంది.

ఈ దశ ముగిసేసరికి మొత్తం బరువు 131.2 గ్రాములు, అంటే 7.4 గ్రాముల మట్టి పోయింది. చిత్రం గుర్తుపట్టగలిగినవి 13.

దశ 4: సూది, మైక్రోస్కోప్

పని అంతా ఇక్కడే ఉంది. సూదిని నిలువుగా దించి గీయకూడదు. దాదాపు పడుకోబెట్టినట్టు పట్టుకొని, మట్టి పెళ్ల అంచు కింద మొన పెట్టి పక్కకు నెట్టాలి. అసలు ఉపరితలానికి, దాని మీది మట్టికి మధ్య పట్టు బలహీనంగా ఉన్నచోట పెళ్ల తనంతట తానే లేస్తుంది. లేవకపోతే వెదురు పుల్లతో ఒక చుక్క నీరు పెట్టి, నాని మెత్తబడ్డాక మళ్లీ ప్రయత్నించాలి. అప్పటికీ లేవకపోతే అక్కడికి ఆపాలి.

సంఖ్య 23 దీనికి మంచి ఉదాహరణ. వ్యాసం 18.2 మి.మీ., బొరుసు వైపు మట్టి గడ్డ తప్ప ఏమీ కనిపించలేదు. అంచు నుంచి లోపలికి పని చేస్తూ పోతే ముందు ఒక గుర్రపు ముందరి కాళ్లు మడతపడి నేలకు ఆనిన ఆకారం తేలింది. తరువాత దాని మెడ, ఆ మెడను ఒక చేత్తో పట్టుకొని రెండో చేతిని వెనక్కి పైకెత్తిన రౌతు, చివరికి ఎడమ పక్కన శిరస్త్రాణం పెట్టుకొని ముందుకు వంగి ఈటెను దించుతున్న సైనికుడు కనిపించారు. చేతిలోని నాలుగు వేళ్లు విడివిడిగా తెలుస్తున్నాయి, ఒక్కొక్కటీ అర మిల్లీమీటరు కూడా ఉండదు. క్రీ.శ. 348లో మొదలైన ‘ఫెల్ టెంప్ రెపారాతియో’ (మంచి రోజుల పునరాగమనం) ముద్ర ఇది. మంచి రోజులను చూపడానికి ఒక మనిషిని పొడుస్తున్న దృశ్యాన్ని ఎంచుకోవడం ఇప్పటి మన కంటికి వింతగా తోచవచ్చు. సరిహద్దుల్లో యుద్ధాలు ఆగని ఆ కాలపు ప్రభుత్వానికి అది సహజమైన ప్రకటనే.

ఈ దశ తరువాత బరువు 127.9 గ్రాములు, చిత్రం తెలిసినవి 41. గదిలో దీపాలు ఆర్పి, ల్యాంపును నాణెపు తలానికి దాదాపు సమాంతరంగా వంచి, నాలుగు దిక్కుల నుంచి ఫొటోలు తీసి చూస్తే ఇంకో 3 తేలాయి. మొత్తం 44. అరిగిన నాణెం మీద సూదితో మరో గంట కూర్చోవడం కంటే పక్క వెలుతురులో తీసిన ఫొటో ఎక్కువ చెబుతుంది.

దశ 5: చిత్రాన్ని బట్టి వర్గీకరణ

అక్షరాలు చదివి నాణేన్ని గుర్తించాలని మొదలుపెట్టేవారు త్వరగా విసిగిపోతారు. 4వ శతాబ్దంలో అచ్చు కంటే నాణెపు బిళ్ల చిన్నదిగా ఉండటం మామూలు, అక్షరాల్లో సగం అంచు బయటే పోతాయి. మధ్యలోని చిత్రం మాత్రం మిగులుతుంది. చిత్రాల సంఖ్య పరిమితం కనుక ఒక్కొక్కటీ కాలాన్ని కొన్నేళ్ల పరిధికి కుదించేస్తుంది.

44 నాణేల పంపకం:
- ఇద్దరు సైనికులు, మధ్య రెండు ధ్వజాలు: 6
- ఇద్దరు సైనికులు, మధ్య ఒకే ధ్వజం: 9
- ఆడ తోడేలు, కవల పిల్లలు: 3
- ఓడ ముక్కు మీద నిలిచిన విజయ దేవత: 4
- శిబిర ద్వారం, పైన నక్షత్రం: 2
- ఎదురెదురుగా దండలు పట్టిన ఇద్దరు విజయ దేవతలు: 3
- ఆకుల దండ మధ్య మొక్కుల సంఖ్యలు (చక్రవర్తి ఇన్నేళ్లు పాలించాలని మొక్కిన మొక్కులవి): 2
- కూలుతున్న రౌతు: 7
- ఒంటరిగా నడుస్తున్న విజయ దేవత: 3
- బందీని ఈడ్చుకుపోతున్న చక్రవర్తి: 2
- బందీని ఈడ్చుకుపోతున్న విజయ దేవత: 2
- బలిపీఠం: 1

చివరిది మిగిలిన వాటికంటే పాతది. 270లో మరణించిన చక్రవర్తి రెండో క్లాడియస్‌ను దేవుడిగా ప్రకటిస్తూ వేసిన ముద్ర అది. శిబిర ద్వారం 320లలోనిది. ఒంటరి విజయ దేవత, బందీతో చక్రవర్తి 364 తరువాత అన్నదమ్ములైన చక్రవర్తులు వాలెంటీనియన్, వాలెన్స్ కుటుంబపు పాలనలోనివి. విజయ దేవతే బందీని ఈడ్చే చిన్న నాణేలు 383 తరువాతివి.

మొదటి రెండు వరుసల దగ్గర ఆగాలి. ‘గ్లోరియా ఎక్సెర్కిటుస్’ (సైన్యపు కీర్తి) అనే ఈ ముద్రలో 330 నుంచి 335 దాకా సైనికుల మధ్య రెండు ధ్వజాలు ఉంటాయి, తరువాత 341 దాకా ఒకటే. కారణం నా త్రాసు మీదే కనిపించింది.

రెండు ధ్వజాలవి, గ్రాముల్లో: 2.61, 2.44, 2.38, 2.29, 2.17, 1.96. సగటు 2.31.
ఒక ధ్వజానివి: 1.78, 1.71, 1.66, 1.58, 1.54, 1.49, 1.43, 1.37, 1.21. సగటు 1.53.

బరువును తగ్గించారు, బిళ్ల చిన్నదైంది, రెండో ధ్వజానికి చోటు కరువైంది. రెండు గుంపుల బరువులు ఎక్కడా కలవలేదు కనుక, మధ్య భాగం అరిగిపోయి ధ్వజాల సంఖ్య తెలియని నాణెం ఎదురైనా బరువును, వ్యాసాన్ని చూసి బలమైన ఊహ చేయవచ్చు. విలువ తగ్గిన సంగతిని ఏ శాసనంలోనూ వెతకకుండా సైనికుల మధ్య ఖాళీలోనే చూడగలగడం నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే నచ్చిన విషయం.

తోడేలు, ఓడ ముద్రల కథ వేరు. 330 మే 11న కాన్‌స్టాంటినోపుల్‌ను కొత్త రాజధానిగా ప్రతిష్ఠించిన సందర్భానికి చెందినవి ఇవి. పాత రాజధానికి ఒక నాణెం, కొత్తదానికి ఒకటి వేశారు. బొమ్మ వైపు చక్రవర్తి ఉండడు. ఒకదాని మీద శిరస్త్రాణం పెట్టిన రోమా దేవత, మరొకదాని మీద భుజాన రాజదండంతో కాన్‌స్టాంటినోపోలిస్ నగర దేవత ఉంటారు. క్రైస్తవాన్ని ఆదరించిన కాన్‌స్టంటైన్ హయాంలో రోము స్థాపక గాథలోని కవలలు రోములస్, రీమస్‌లకు పాలు ఇస్తున్న తోడేలు అంత విస్తారంగా చెలామణి అయిందంటే, నాణెం మీది చిత్రం పాలకుడి సొంత విశ్వాసాన్ని మాత్రమే చెప్పదని అర్థమవుతుంది.

దశ 6: చక్రవర్తి, టంకశాల

కాన్‌స్టంటైన్ వంశపు ముఖాలు ఒక్కలాగే ఉంటాయి, పోలికలను నమ్మి కొడుకులను వేరు చేయడం కుదరదు. పేర్లూ అంతే: లాటిన్ లిపిలో కాన్‌స్టంటైన్, కాన్‌స్టాంటియస్, కాన్‌స్టాన్స్ ముగ్గురికీ మొదటి ఏడు అక్షరాలు ఒకటే. కనుక సూది పనిని పేరు మొదట్లో వృథా చేయకుండా ఎనిమిదో అక్షరం నుంచి మొదలుపెట్టాలి. అక్కడ ‘ఎస్’ ఉంటే కాన్‌స్టాన్స్. ‘టీ, ఐ’ దాటాక ‘ఎన్’ వస్తే కాన్‌స్టంటైన్, ‘వీ’ వస్తే కాన్‌స్టాంటియస్.

టంకశాల గుర్తు బొరుసు వైపు అడుగు గీత కింద ఉంటుంది. తోడేలు, ఓడ నాణేల బొరుసు మీద సాధారణంగా వేరే రాతే ఉండదు కనుక, వాటిలో ముందుగా శుభ్రపరచవలసింది ఆ చిన్న చోటునే.

1. ‘టీ ఆర్’ అంటే నేటి జర్మనీలోని ట్రయర్. దాని వెంట ‘పీ’ లేదా ‘ఎస్’ వస్తే మొదటి లేదా రెండో కార్ఖానా.
2. ‘ఎస్ ఐ ఎస్’ అంటే సిస్కియా, నేటి క్రొయేషియాలోని సిసాక్.
3. ‘ఎస్ ఎం టీ ఎస్’ అంటే థెస్సలోనికా, ‘ఎస్ ఎం కే’ అంటే సిజికస్, ‘ఎస్ ఎం ఏ ఎన్’ అంటే ఆంటియోక్.
4. తూర్పు టంకశాలల్లో కార్ఖానా సంఖ్య గ్రీకు అక్షరాల్లో ఉంటుంది.

ఇప్పటి లెక్క: చక్రవర్తి తేలినవి 26. టంకశాల తేలినవి 19: సిస్కియా 6, థెస్సలోనికా 4, ట్రయర్ 4, సిజికస్ 2, హెరాక్లియా 1, కాన్‌స్టాంటినోపుల్ 1, ఆంటియోక్ 1.

ఈ పంపకం ఒక అసౌకర్యమైన సంగతిని కూడా చెబుతోంది. బ్రిటన్ నేలలో దొరికే 330ల నాటి నాణేల్లో ట్రయర్, లియోన్, ఆర్ల్ వంటి పడమటి టంకశాలలవే ఎక్కువ. నా గుంపులో సిస్కియా, థెస్సలోనికా వంటి బాల్కన్ (ఆగ్నేయ ఐరోపా) ప్రాంతపువి ఎక్కువగా ఉన్నాయంటే, పాత సేకర్త వీటిలో చాలావాటిని ఐరోపా ప్రధాన భూభాగం నుంచి తెప్పించుకొని ఉండాలి. ఏ నాణెం ఏ పొలంలో, ఏ లోతులో, దేనితో కలిసి దొరికిందో రసీదులు చెప్పవు, ఎంత శుభ్రపరచినా ఆ సమాచారం తిరిగి రాదు. ఇంగ్లండులో 1996 నాటి ట్రెజర్ చట్టం ప్రకారం ఒకేచోట పదికి తగ్గకుండా దొరికిన ప్రాచీన కంచు నాణేలను అధికారులకు తెలపాలి, విడిగా దొరికిన వాటిని నమోదు చేయించే స్వచ్ఛంద పథకం కూడా ఉంది. కొనేటప్పుడు ఆ నమోదు ఉన్న నాణేలకే ఎక్కువ చెల్లించడం మంచిదని ఇప్పుడు అనుకుంటున్నాను.

దశ 7: లేత ఆకుపచ్చ పొడి

నున్నని, గట్టి చిలుము నాణేన్ని కాపాడుతుంది. గోరు తగిలితే రాలే లేత ఆకుపచ్చ పొడి దానికి పూర్తిగా విరుద్ధం. దీన్నే బ్రాంజ్ డిసీజ్ అంటారు. నాణెం లోపల చిక్కుకున్న క్యుప్రస్ క్లోరైడ్ (రాగి, క్లోరిన్ కలిసిన లవణం) గాలిలోని తేమతో, ఆక్సిజన్‌తో కలిసి ఆ పొడిగా మారుతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది, ఆ ఆమ్లం తాజా రాగిని తిని మళ్లీ క్లోరైడ్‌ను తయారు చేస్తుంది. తేమ ఉన్నంతకాలం ఈ చక్రం ఆగదు.

దాగిన తెగులును బయటపెట్టడానికి నాణేలను తడి దూదితో పాటు, దూదికి తగలకుండా, మూత ఉన్న డబ్బాలో ఒక రోజు ఉంచాను. 5 నాణేల మీద తాజా పొడి లేచింది.

చికిత్స:
1. పొడిని సూదితో, బ్రష్‌తో గుంట అడుగుదాకా తీయాలి.
2. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 23.5 గ్రా. నిర్జల సోడియం కార్బనేట్, 18.6 గ్రా. వంట సోడా కలిపితే దాదాపు 5 శాతం సోడియం సెస్క్వికార్బనేట్ ద్రావణం వస్తుంది.
3. దుకాణంలో దొరికే చాకలి సోడా స్ఫటికాల్లో నీరు కలిసి ఉంటుంది, వాటిని వాడితే 23.5 బదులు 63.4 గ్రా. తూచాలి.
4. ద్రావణాన్ని వారానికోసారి మార్చాలి. అది నీలి ఛాయకు తిరిగితే రాగి కూడా కరుగుతోందని అర్థం, అప్పుడు నాణేన్ని తీసి చూడాలి.
5. తరువాత డిస్టిల్డ్ వాటర్‌లో కడుగుతూ, కడిగిన నీటిలో కొద్దిగా నైట్రిక్ ఆమ్లం, ఆపై సిల్వర్ నైట్రేట్ చుక్క వేసి చూడాలి. తెల్లటి మబ్బు కమ్మితే క్లోరైడ్లు ఇంకా వస్తున్నట్టు.

మొదటి విడతలో 3 నాణేలు నిలదొక్కుకున్నాయి, 2 మళ్లీ పొడి వదిలి రెండో విడతకు వెళ్లాయి. వాటిలో ఒకదాని చిలుము రంగు కాస్త నీలానికి మారింది. ఈ ద్రావణపు తెలిసిన దుష్ఫలితం అది. లోహపు తెగులును అడ్డుకోవడానికి మ్యూజియం ప్రయోగశాలలు వాడే బెంజోట్రయజోల్‌ను విషపదార్థం కనుక ఇంట్లోకి తేలేదు.

దశ 8: మైనం, నిల్వ

ఎండిన నాణేన్ని మరోసారి అసిటోన్‌లో ముంచి, ఆరాక మైక్రోక్రిస్టలైన్ మైనాన్ని మెత్తని బ్రష్‌తో అతి పలుచగా రాశాను. మైనం తేమను ఆలస్యం చేస్తుందే కాని ఆపదు. అసలు రక్షణ పొడి గాలి. తేమ 42–46 శాతం దాటినచోట తెగులు చురుకెత్తుతుంది కనుక, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్, తేమ చూపే కార్డు పెట్టి 35 శాతం దగ్గర ఉంచుతున్నాను. విశాఖపట్నం, మచిలీపట్నం వంటి సముద్రతీరపు ఊళ్లలో ఇదే పని చేసేవారు సిలికా జెల్‌ను ఇంతకంటే తరచుగా వేడి చేసి ఆరబెట్టుకోవలసి వస్తుంది. పీవీసీ కవర్లు క్లోరైడ్లను వదులుతాయి, వాటిని వాడకూడదు.

తెలుగు నేల సంగతి

ఇవి మన ప్రాంతంలో దొరుకుతాయా అని అడిగే పాఠకులకు: నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన నిక్షేపం వెండి దెనారియస్‌లది, వినుకొండలో దొరికినది బంగారు నాణేలది. రెండూ ఈ డైరీలోని నాణేల కంటే ముందరి కాలానివి. 4వ శతాబ్దపు చిన్న కంచు నాణేలు ఎక్కువగా దొరికింది తమిళనాడులో, శ్రీలంకలో. మన పొలాల్లో దొరికే అవకాశం ఎక్కువగా ఉన్నవి శాతవాహనుల సీసపు, పోటిన్ (రాగి, సీసం, తగరం కలిసిన మిశ్రమ లోహం) నాణేలు. సీసపు వాటికి పైన చెప్పిన నీటి దశను ఎంతమాత్రం వాడకూడదు. చెక్క పెట్టెలోనూ పెట్టకూడదు, చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తెల్లటి పొడిగా మార్చేస్తుంది. ఇక పొలంలో నిధి దొరికితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి, శుభ్రపరచే ప్రశ్నే రాదు.

ప్రస్తుత లెక్క

- ముద్ర తేలినవి: 44
- తలను, పరిమాణాన్ని బట్టి శతాబ్దం మాత్రమే చెప్పగలిగినవి: 7
- ఏమీ తేలనివి, ప్రయోగాలకు వాడిన 4తో కలిపి: 9
- మట్టి, చిలుము రూపంలో పోయిన బరువు: 138.6 గ్రాముల్లో 10.7
- విడి డబ్బాలో పరిశీలనలో ఉన్నవి: 2

శతాబ్దం మాత్రమే తెలిసిన 7 నాణేలకు వచ్చే విడతలో పక్క వెలుతురు ఫొటోలను ఎనిమిది దిక్కుల నుంచి తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి చూడబోతున్నాను. వాటి మీద సూది ఇక పెట్టను.